కొత్తవాడి కాలు

గూడ్సు షెడ్డు గోడకు ఆనుకుని ఒక కొట్టు ఉండేది. అందులో మనుషులు తక్కువ, కాళ్లు ఎక్కువ. పొట్టివి, పొడుగువి, మోకాలు ఉన్నవి, మడమతో సరిపెట్టుకున్నవి, అన్నీ కొయ్యకాళ్లే, దూలాల నుంచి ఇనుప కొక్కేలకు వేలాడుతూ ఉండేవి. గాలి వీస్తే ఒకదానికొకటి తగిలి టకటకా నడక మొదలుపెట్టేవి. ఎక్కడికీ పోయేవి కావనుకోండి. ఓసారి ఒక దొంగ లోపలికి చొరబడి తలెత్తి చూసి, పైన అంతమంది నిలబడి తననే చూస్తున్నారనుకుని, అందరికీ పేరుపేరునా దణ్ణాలు పెట్టి, వచ్చిన కిటికీలోంచే వెళ్లిపోయాడట. పోతూపోతూ తన చెప్పులు కూడా వదిలేశాడట. ఆ కొట్లో చెప్పులకు గిరాకీ సగమే కాబట్టి, ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

కొట్టు పెట్టినవాణ్ణి అందరూ మేస్త్రి అనేవారు. యుద్ధంలో అతనికి రెండు కాళ్లూ మోకాళ్ల కింద పోయాయి. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాళ్లు కరుస్తున్నాయని, కలప తెచ్చుకుని తనవి తానే చెక్కుకున్నాడు. ఒక జత మామూలుది. రెండో జత దానికన్నా బెత్తెడు పొడుగు. పెళ్లాంతో పోట్లాట ఉందనుకున్న రోజు ఆ పొడుగు జత తొడుక్కుని ఇంటికి వెళ్లేవాడు. ఆవిడేం తక్కువ తిన్నదా, పీట ఎక్కి మరీ సమాధానం చెప్పేది.

"నీ కాళ్లు ఏమయ్యాయి మేస్త్రీ?" అని కొత్తగా వచ్చినవాడెవడైనా అడిగితే, "నాకంటే ముందే ఇంటికి బయల్దేరాయి. దారి తెలీక ఇంకా తిరుగుతున్నాయి. కనిపిస్తే చెప్పు" అనేవాడు.

తోలు పట్టీలు కుట్టేది బావ. మేస్త్రికి అక్క మొగుడు. మేస్త్రి బావా బావా అంటుంటే వీధి వీధంతా బావా అనడం మొదలుపెట్టింది. చివరికి పిల్లనిచ్చిన మామగారు కూడా ఓ రోజు నోరు జారి బావా అని పిలిచి, నాలుక కరుచుకున్నాడు. బావకు కుడిచెయ్యి భుజం దాకా లేదు. ఎడమచేత్తో సూది, పళ్లతో దారం, కాలివేళ్లతో తోలు పట్టుకుని కుట్టేవాడు. చెయ్యి సంగతి అడిగితే, "అవతలి సేనాపతి షేక్ హ్యాండ్ ఇచ్చాడు. వెళ్లేటప్పుడు వదలడం మర్చిపోయాడు. పెద్దమనిషి కదా, మనం ఏం అడుగుతాం?" అనేవాడు.

ఆ కొట్లో ఒకటే కట్టుబాటు. లోపల ఎవరూ 'అయ్యో' అనకూడదు. అన్నవాడు సాయంత్రం దాకా చెక్కపొట్టు ఊడవాలి. మొగుడికి కాలు కొలిపించడానికి వచ్చిన ఒక ఇల్లాలు గుమ్మంలోనే మూడుసార్లు అయ్యో అని, మూడుసార్లు చీపురు పట్టి, నాలుగోసారి నోట్లో కొంగు కుక్కుకుంది. మేస్త్రికి దయాదాక్షిణ్యాలు లేవని కాదు. ఆసుపత్రి మంచాల చుట్టూ అయ్యోలు విని విని అతనికి చెవుల్లో కురుపులు లేచాయి. జాలి తగిలితే తెగిన కాలి మొండి మానదని అతని గట్టి నమ్మకం. తిట్టేవాడు బతుకుతాడు, ఏడ్చేవాడు మళ్లీ మంచం ఎక్కుతాడు అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

అందుకని కాలు చేతికొచ్చే రోజున అక్కడ ఒక తంతు జరిగేది. వచ్చినవాడి చంకకర్రలు రెండూ లాక్కుని, రంపంతో కోసి, జిగురు కాగే పొయ్యిలో పెట్టేవారు. ఇక కర్రల అవసరం లేదని చెప్పడం అన్నమాట. ఆ తర్వాత కొత్తకాలు ఎక్కడో దాచేసేవారు. వాడు ఒంటికాలిమీద గెంతుతూ కొట్టంతా వెతకాలి. వెతికి వెతికి, విసిగి విసిగి, మేస్త్రినీ బావనూ వాళ్ల వంశాలనూ కలిపి ఒక పచ్చి బూతు తిట్టాలి. ఆ తిట్టు వినపడగానే ఇద్దరూ పడీపడీ నవ్వి, కాలు తెచ్చి తొడిగేవారు. కర్రలు తగలబెట్టిన మంటమీదే టీ పెట్టేవారు. ఎంతోమంది ఆ గుమ్మంలోంచి తిడుతూ నడుచుకుంటూ వెళ్లారు. ఒక సుబేదారు అయితే తిట్టిన తిట్టుకు దూలానికి ఉన్న చెదలు రాలిపోయాయని బావ చెప్పేవాడు.

అక్కడికి కొత్తవాడు వచ్చాడు. పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు. మందుపాతర పేలి కుడికాలు మోకాలి పైకంటా పోయింది. అతని పక్కనే ఉన్న స్నేహితుడు అక్కడే చచ్చిపోయాడు. యుద్ధం ఆగిపోయింది కానీ కుర్రాడి పని మిగిలిపోయింది. చచ్చిపోయినవాడు ఒక మాట అప్పజెప్పి పోయాడు. ఆ మాట వాడి తల్లికి చెప్పాలి.

తల్లి బట్టలు కుట్టే మనిషి. ఆ ఊళ్లోనే, పోస్టాఫీసు వెనక సందులో ఉంటుంది. కొడుకు పని లేకుండా తిరుగుతుంటే ఒక రోజు ముందున్న కంచం లాగేసి, "కూర్చుని తినడానికి సిగ్గులేదా? పోయి సైన్యంలోనైనా చేరి చావు" అంది. తల్లులు అనేవి ఇంతకన్నా పెద్ద మాటలు చాలానే ఉంటాయి, పిల్లలు వినరు. వీడు మాత్రం విన్నాడు. మర్నాడే వెళ్లి చేరాడు. తర్వాత ఆమె ఎవరితోనూ ఆ సంగతి మాట్లాడలేదు. మిషను మాత్రం ఆగకుండా తొక్కేది.

కొత్తవాడు ఆసుపత్రి నుంచి వచ్చీరాగానే కర్రల మీద ఆమె గుమ్మంలోకి వెళ్లాడు.

"అమ్మా, నేను మీ అబ్బాయితో ఉన్నవాణ్ణి. వాడు మీకొక మాట చెప్పమన్నాడు."

ఆమె తల తిప్పి అతన్ని కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూసింది. బట్ట కొలిచినట్టు చూసింది.

"నా కొడుకు మాట ఇలా కర్రలకు వేలాడుతూ చెబుతావా? నిలబడటానికి దిక్కులేదు, మాటలు మోసుకొచ్చాడు! పో. నిలబడగలిగినప్పుడు రా."

అతను తిరిగొచ్చి కాళ్ల కొట్టు గుమ్మంలో కూర్చున్నాడు. "అన్నా, నాకో కాలు చెయ్యండి. ఆమె ముందు నిలబడాలి" అన్నాడు.

"నడవక్కర్లేదా?" అన్నాడు మేస్త్రి.

"నిలబడితే చాలన్నా."

"సగం పనికి వచ్చావన్నమాట. ఒరే బావా, వీడికి మడమ వద్దట" అని మేస్త్రి వెక్కిరించాడు కానీ, ఆ కాలికి తన దగ్గరున్న కలపలోకెల్లా మంచిది తీశాడు.

ఇక్కడ టీచరమ్మ సంగతి చెప్పాలి. రిటైరైన టీచరు. తమ్ముణ్ణి అంతకుముందెప్పుడో జరిగిన యుద్ధంలో పోగొట్టుకుంది. శాంతి సంఘం అని పెట్టి, కాళ్లూ చేతులూ కళ్లూ పోయిన సిపాయిల కోసం ఆసుపత్రుల చుట్టూ ఆఫీసుల చుట్టూ తిరిగేది. ఆవిడ గొడుగు చూస్తే గుమస్తాలు టేబుళ్ల కింద దూరేవాళ్లు. ఆ పాత యుద్ధం ఆగిన రోజున ఏటా మున్సిపల్ హాల్లో సభ పెట్టి, చనిపోయినవాళ్ల పేర్లు చదివి, కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి యుద్ధం వద్దని చెప్పించేది. హాలుకు ఎదురుగానే సైన్యంలో భర్తీ చేసుకునే ఆఫీసు. మనిషి బంగారం, ఉపన్యాసమే ఇత్తడి. ఆవిడ మైకు పట్టుకుంటే ఫ్యాన్లు కూడా కునుకు తీసేవి. అందుకే సిపాయిలను తెచ్చి మాట్లాడించేది.

ఆ ఏడాది కొత్తవాడు మాట్లాడతానన్నాడు. టీచరమ్మ స్వయంగా బట్టలు కుట్టే ఆమె ఇంటికి వెళ్లింది. "ఈసారి వాడు నిలబడి చెబుతాడమ్మా. నువ్వు రా" అంది. ఆమె ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. మర్నాడు ఇస్త్రీ చేసిన చీర ఒకటి తీగమీద వేలాడుతోంది. దాంతో వస్తుందని తెలిసింది.

సభ రోజు పొద్దున్నే కొత్తవాడు కాలు కోసం వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ప్యాంటు రెండో కాలు ఖాళీగా, మడత పెట్టి పిన్నీసు గుచ్చి ఉంది. కాలు తయారై ఉంది. మొండి దూరే గిన్నె లోపల మెత్తటి తోలు, మోకాలి దగ్గర ఇత్తడి బందు, పైన రంగు. బావ పట్టీలకు కుట్టిన కుట్టు చీమ కూడా కాలు పెట్టలేనంత దగ్గరగా ఉంది.

మేస్త్రి కర్రలు లాక్కున్నాడు. రంపం ఆడింది. కర్రలు పొయ్యెక్కాయి. ఈలోగా బావ కాలు తీసుకుపోయి దాచాడు. ఎక్కడ దాచాడనుకున్నారు? ముందు గదిలో, కిటికీ పక్కన, ఆసుపత్రికి పంపాల్సిన కాళ్ల వరసలో, అందరికీ కనబడేలా ఒక కొక్కేనికి తగిలించాడు. కాళ్లమధ్య కాలు. అంత గొప్ప చోటు తనకు ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని తన భుజం తనే తట్టుకున్నాడు, ఉన్న చేత్తోనే.

"వెతుక్కో" అన్నాడు మేస్త్రి.

కొత్తవాడు పెరట్లోకి గెంతాడు. కలప దొంతర వెనక చూశాడు. జిగురు డబ్బాలు కదిపాడు. నీళ్ల తొట్టిలో చెయ్యిపెట్టి చూశాడు. మేస్త్రీ బావా వెనకాలే తిరుగుతూ, "వేడి, వేడి... ఇప్పుడు చల్లబడ్డావు" అంటూ ఆడిస్తున్నారు.

"అన్నా, సభకు టైమవుతోందన్నా."

"తిట్టు."

"ఎందుకన్నా తిట్టడం?"

"తిట్టరా! కాలు దాచుకున్నాం మేం. కుంటివాడి కాలు దాచేవాణ్ణి ఏమంటారు? ఆ మాటే అను."

"మీరు పెద్దవాళ్లన్నా. ఇచ్చేయండన్నా."

ఇదీ అక్కడ వచ్చిన చిక్కు. ఆ కుర్రాడికి తిట్టడం రాదు. సైన్యంలో చేరి, యుద్ధం చూసి, కాలు పోగొట్టుకుని కూడా తిట్టు నేర్చుకోకుండా వచ్చినవాడు ప్రపంచం మొత్తంమీద వాడొక్కడే అయ్యుండాలి. వాడు బతిమాలుతున్నాడు, వీళ్లు తిట్టుకోసం కాచుకున్నారు. తిట్టు లేకుండా కాలిస్తే నడక కుదరదని వాళ్ల నమ్మకం.

అప్పుడే వీధివైపు బండి హారను మోగింది. ముందురోజు రావలసిన ఆసుపత్రి వ్యాను ఆలస్యంగా ఆ పూట వచ్చింది. "మేస్త్రీ, తీసుకెళ్తున్నాం!" అని కేక వినిపించింది.

మేస్త్రి పెరట్లోంచే, కొత్తవాడి మీదనుంచి కన్ను తిప్పకుండా, "తీసుకెళ్లండి!" అని అరిచాడు. ఆటలో పడ్డ బావకు కొక్కెం సంగతి గుర్తే రాలేదు.

ఇంకాసేపు గడిచింది. కొత్తవాడు నీళ్లతొట్టి గట్టుమీద కూర్చుని, మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. తిట్టలేదు, ఏడవలేదు. బావకే ముందు మనసు కరిగింది.

"ఇచ్చేద్దాంలే మేస్త్రీ. వీడికి నేర్పడం మన వల్ల కాదు" అని ముందు గదిలోకి వెళ్లాడు. అక్కడ కొక్కేలు ఖాళీగా ఊగుతున్నాయి.

బావ తిరిగొచ్చి ఖాళీ చెయ్యి చాపి చూపించాడు. మేస్త్రి అతన్ని తోసుకుని వెళ్లి చూశాడు. రోడ్డుమీదికి పరుగెత్తాడు. రెండు కొయ్యకాళ్లమీద మనిషి అంత పరుగు పరుగెత్తడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. వీధి మలుపులో పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. వ్యాను ఊరు దాటిపోయింది.

ఆ తర్వాత కొట్లో జరిగింది చూస్తే పగవాడికి కూడా నవ్వు రాదు. మిగిలిన కాళ్లన్నీ దించి ఒక్కొక్కటే కుర్రాడికి తొడిగి చూశారు. ఒకటి ఎడమది. ఒకటి పొట్టిది. ఒకదానికి గిన్నె వదులు, నిలబెట్టగానే మనిషి ఒకవైపు, కాలు ఒకవైపు పడ్డారు. మేస్త్రి తన పొడుగు జతలోది ఒకటి విప్పి పెట్టాడు. అది మోకాలి కింద పోయినవాడి కాలు, పైకంటా పోయినవాడికి ఎలా పడుతుంది? కర్రలు ఇద్దామంటే పొయ్యిలో బూడిదయ్యాయి. కొత్తది చెక్కుదామంటే రోజులు పడతాయి. హాల్లో పేర్లు చదవడం ఈపాటికి మొదలై ఉంటుంది.

"ఇంకో రోజు వెళ్దాంలేరా. ఆమె ఇంటికే వెళ్దాం" అన్నాడు బావ.

"ఇవాళ ఆమె వచ్చిందన్నా. మళ్లీ రాదు."

కలప తెచ్చే తోపుడు బండిలో అతన్ని కూర్చోబెట్టారు. వెనకనుంచి మేస్త్రి తోశాడు, పక్కనుంచి బావ ఒంటిచేత్తో లాగాడు. దారిలో ఒక పెద్దమనిషి కూరగాయలనుకుని బేరం అడగబోయి, దగ్గరికొచ్చి చూసి, తప్పుకున్నాడు.

హాలు నిండా పిల్లలు. మధ్యలో దారి, చివర మెట్లు, పైన వేదిక. ముందు వరసలో, దారి పక్కన, ఇస్త్రీ చీరలో ఆమె కూర్చుని ఉంది. టీచరమ్మ అప్పుడే పేర్లు చదవడం ముగించి, "ఇప్పుడు మన తమ్ముడు వచ్చి, మన ముందు నిలబడి..." అంటోంది.

మేస్త్రి ఒకవైపు, బావ ఒకవైపు భుజం పట్టి కొత్తవాణ్ణి బండిలోంచి దించారు. బావ పట్టుకున్నది లేని చెయ్యివైపు. గుమ్మం దాటగానే కొత్తవాడు అటు ఒరిగాడు, బావ కూలాడు, ఇద్దరి బరువూ మేస్త్రి మీద పడి అతని కాలొకటి ఊడి దారిలో దొర్లింది. ముగ్గురూ కుప్పగా పడ్డారు.

పిల్లలు నవ్వారు. ముందు వెనకవాళ్లు, ఆ తర్వాత అందరూ. వాళ్లననుకుని ఏం లాభం, ఎవరైనా నవ్వుతారు.

ఇద్దరు కుర్రాళ్లు లేపడానికి వచ్చారు. "ముట్టుకోకండి" అన్నాడు కొత్తవాడు. రెండు చేతులు నేలకు ఆన్చాడు. ఉన్న మోకాలు ముందుకు లాగాడు. ఖాళీ ప్యాంటు పిన్నీసు ఊడి వెనకాల నేలమీద ఈడ్చుకుంటూ వస్తోంది. అలా పాకడం మొదలుపెట్టాడు.

నవ్వు ఒక్కో వరస దగ్గరా ఆగిపోతూ వచ్చింది. అతను ఏ వరస దాటితే ఆ వరస నోరు మూతపడింది. మధ్యకు వచ్చేసరికి చేతులు గచ్చుమీద చరిచే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ముందు వరస దగ్గర ఆగి తలెత్తి ఆమెను చూశాడు. ఆమె మొహంలో రక్తపుచుక్క లేదు. లేచింది. చీర అతని చేతికి తగలకుండా పక్కకు లాక్కుని, వచ్చిన దారినే బయటికి వెళ్లిపోయింది.

అయినా అతను మెట్లెక్కాడు. మైకు నిలబడినవాళ్ల ఎత్తులో ఉంది. టీచరమ్మ దాన్ని దించబోతే మర బిగుసుకుపోయి రాలేదు. అతను కింద కూర్చుని ఆ మాట చెప్పాడు. వాడు తన ఇష్టంతోనే వెళ్లాడనీ, తల్లి తప్పేమీ లేదనీ చెప్పమన్నాడని చెప్పాడు. ఎవరికీ వినపడలేదు. వినవలసిన మనిషి అప్పటికి పోస్టాఫీసు దాటింది.

కాలేజీ కుర్రాడెవడో అతను పాకుతుండగా ఫోటో తీశాడు. రెండోరోజుకు అది హాలు గోడమీద, భర్తీ ఆఫీసు ఎదురుగా అతికించి ఉంది. అంతకుముందు ఆ ఆఫీసు ముందు వరస టీకొట్టు దాటి పోయేది. ఆ వారం టీకొట్టువాడు ఈగల్ని తోలుకుంటూ కూర్చున్నాడు. లోపలి ఆఫీసరు బయటికొచ్చి వీధి అటూ ఇటూ చూసి, వాచీ చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందో లేదో చూసుకున్నాడు.

టీచరమ్మ గొడుగు ఊపుకుంటూ కాళ్ల కొట్టుకు వచ్చింది. కొత్తవాడు అక్కడే చెక్కపొట్టులో కూర్చుని ఉన్నాడు. మేస్త్రి మళ్లీ అతని మొండి కొలుస్తున్నాడు.

"తమ్ముడూ, వచ్చే నెల పక్క ఊళ్లో సభ ఉంది. ఆ తర్వాత ఇంకో రెండు కాలేజీలు అడుగుతున్నాయి" అంది. తర్వాత గొడుగు కొనతో నేలమీద గీస్తూ, "కాలు... అప్పుడు పెట్టుకోకుండా వస్తే బాగుంటుంది" అంది.

మేస్త్రి కొలతాడు కింద పడేశాడు. "మీది శాంతి సంఘమా టీచరమ్మా, సర్కసా?"

"నువ్వు నిలబడి మాట్లాడావుగా మేస్త్రీ నాలుగేళ్ల కిందట. ఏం చెప్పావు? కాళ్లు నాకన్నా ముందే ఇంటికి బయల్దేరాయన్నావు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. చప్పట్లు కొట్టారు. మర్నాడు వెళ్లి ఎదురుగా వరసలో నిలబడ్డారు. వాళ్లలో వెనక్కొచ్చినవాళ్లెంతమందో నీకు తెలుసు. కొందరికి కాళ్లు నువ్వే చేశావు."

మేస్త్రి వంగి కొలతాడు తీసుకుని చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆవిడతో అలా మాట్లాడకన్నా" అన్నాడు కొత్తవాడు. "టీచరమ్మా, ముందు నాకు కాలు రానివ్వండి. ఒక ఇంటికి వెళ్లాలి. తర్వాత చెబుతా."

పాత కాలు ఏ ఊళ్లో ఎవడి కింద తిరుగుతోందో తెలియలేదు. మేస్త్రి తిండి మానేసి ఇంకోటి చేశాడు. ఈసారి ఎవరూ దాచలేదు, ఎవరూ తిట్టమని అడగలేదు. తొడిగి, పట్టీలు బిగించి, వాకిలి దాకా నడిపించి వదిలేశారు. అంత నిశ్శబ్దంగా ఆ గుమ్మంలోంచి ఎవరూ వెళ్లి ఉండరు.

బట్టలు కుట్టే ఆమె ఇంట్లో ఒకటే గది. ఒక మూల మంచం, కిటికీ కింద మిషను, నేలంతా గుడ్డముక్కలు. చేతిలో సుద్దముక్కతో పరదా గుడ్డమీద గీత గీస్తోంది. కొత్తవాడు గుమ్మం దాటి లోపలికొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. గోడ పట్టుకోలేదు. చెమట కారుతోంది.

"నిలబడ్డావు. చెప్పు" అంది.

"నువ్వు తిట్టావని వెళ్లలేదట అమ్మా. తనకే వెళ్లాలనిపించి వెళ్లాడట. నీ తప్పేం లేదని చెప్పమన్నాడు."

ఆమె సుద్దముక్క పక్కన పెట్టింది.

"ఎవరు నేర్పారు ఇది? టీచరమ్మా?"

"లేదమ్మా! వాడే అన్నాడు."

"వాడు పుట్టినప్పట్నుంచీ నా మీద ఒక్క కోపమైనా మర్చిపోయింది లేదు. చిన్నప్పుడు గరిటతో కొట్టానని పెద్దయ్యాక కూడా ఆ మచ్చ చూపించేవాడు. కంచం లాగేసి చావమంటే చచ్చినవాడు, నీ తప్పు కాదమ్మా అంటాడా? వాడు నా కొడుకయ్యా. నాకు తెలీదా? ముసలిది కదా, పాపం, ఈ మాట చెబితే నిద్రపోతుందనుకున్నారు మీరంతా."

"నా మీద ఒట్టు అమ్మా."

"ఒట్లు అక్కర్లేదు. ఆ రోజు హాల్లో నువ్వు పాకావు చూడు, అది అడుగుతా. దానికి అబద్ధం చెప్పకు. వాడూ అలా పాకాడా?"

కొత్తవాడు ఈ ప్రశ్నకు ఏ జవాబూ మోసుకురాలేదు. కొయ్యకాలి మీంచి కిందపడకుండా చూసుకోవడమే సరిపోతోంది.

"పాకాడమ్మా."

"కాళ్లు?"

"ఉన్నాయి. నడుము కింద ఏదీ పనిచెయ్యలేదు. చేతుల మీదే ఈడ్చుకుంటూ వెళ్లాడు."

"ఎటు?"

"ఇద్దరం గోతిలో పడి ఉన్నాం. నాకీ మాట చెప్పాడు. కాసేపాగి, నువ్వెందుకులే, నేనే వెళ్లి చెబుతా అన్నాడు. పాకడం మొదలెట్టాడు. ఇల్లు అటేననుకున్నాడు. అది అవతలివాళ్ల వైపు."

"నువ్వు చెప్పలేదా?"

"గొంతు పోయేలా అరిచానమ్మా. వినపడలేదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. "వాడికి దారి ఎప్పుడు తెలిసింది గనక! బడినుంచి ఇంటికి రమ్మంటే రైలుకట్ట దాకా పోయేవాడు. ఊరంతా వెతికి చెవి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని" అంది. నవ్వు ఆగిపోయింది. "ఇది నిజం. ఇది వాడే. చూపించు."

"ఏంటమ్మా?"

"ఎలా పాకాడో చూపించు. ఆ కాలు తీసెయ్."

అతను ఆమెను చూశాడు. కాలు తెచ్చుకున్నది ఆమె ముందు నిలబడటానికి. నిలబడి పట్టుమని పది మాటలు చెప్పాడో లేదో. వంగి పట్టీలు విప్పాడు. కాలు గుమ్మం పక్కన పెట్టి నేలమీదికి దిగాడు. బోర్లా పడుకున్నాడు, ఉన్న కాలు కూడా చచ్చినట్టు వదిలేసి. మోచేతులతో గుడ్డముక్కల మీద ఒళ్లు లాగాడు. ఒక మోచెయ్యి, ఆగడం, ఇంకో మోచెయ్యి. ఆమె పక్కనే నడిచింది.

"ఇంత మెల్లగానా?"

"ఇంకా మెల్లగా."

"ఏమైనా అంటున్నాడా?"

"అమ్మా అంటున్నాడు. అందరూ అదే అంటారు."

"అందరి సంగతి నాకెందుకు! పద."

మిషను కాళ్ల దాకా వెళ్లి అతను ఆగిపోయాడు. "ఇక్కడే" అన్నాడు.

"ఇంతేనా? ఇంత దగ్గరేనా?"

"ఇంతేనమ్మా."

ఆమె సుద్దముక్క తీసుకుని వంగి, అతని వేళ్ల ముందు నేలమీద ఒక గీత గీసింది. తర్వాత మంచంమీద కూర్చుంది. చాలాసేపు ఆ గీతనే చూసింది. లే అనలేదు.

"టీచరమ్మ పక్క ఊరు రమ్మందటగా" అంది చివరికి. "వెళ్దాం. కాలు ఇంట్లో పెట్టి రా. వేదికలు, మైకులు ఏమీ వద్దు. గీత నేను గీస్తా. నువ్వు అక్కడిదాకా పాకి ఆగిపో. పిల్లలకు వాడి దారి చూపిద్దాం."

అప్పటినుంచి ఆ ఇద్దరూ టీచరమ్మ వెంట ఊళ్లు తిరిగారు. హాలు తలుపులు తీయగానే ఆమె ముందు వెళ్లి, దారి మధ్యలో గీత గీసి, పక్కన నిలబడేది. అతను పాకి వచ్చి గీత దగ్గర ఆగేవాడు. "నా కొడుకు ఇక్కడిదాకా వచ్చాడు" అని ఆమె ఒక్క ముక్క చెప్పేది. టీచరమ్మకు ఉపన్యాసం చెప్పే పనే లేకుండా పోయింది. ఏ ఊరికి వెళ్తే ఆ ఊళ్లో భర్తీ ఆఫీసు ముందు చెట్టు నీడ తప్ప ఏమీ మిగిలేది కాదని చెప్పుకుంటారు. నేను చూసిన ఊళ్ల వరకు అది నిజమే. చూడని ఊళ్ల సంగతి బావ చెప్పాడు కాబట్టి సగం తీసేయండి.

కొత్తవాడి మోచేతుల తోలు లేచిపోయి, మళ్లీ మాని, మళ్లీ లేచిపోయేది. బావ వాటికి తోలు తొడుగులు కుట్టి ఇస్తే ఆమె వద్దంది. "నా కొడుక్కి ఎవరు కుట్టారు?" అంది. ఇంట్లో మాత్రం అతను శుభ్రంగా నడిచేవాడు. అంత బాగా చేసిన కాలు మేస్త్రి ఇంకోటి చెయ్యలేదు.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చునేవారు. ఊరి పొలిమేర వచ్చేదాకా అతను కిటికీలోంచి చూసి, చూసి, మొదలుపెట్టేవాడు.

"అమ్మా, నిజంగా అన్నాడమ్మా. నీ తప్పేం లేదని వాడే..."

"నోర్ముయ్" అనేది ఆమె, సంచీలోంచి మందు సీసా తీసి అతని ఒళ్లో పడేస్తూ. "మోచేతులకు రాసుకో. ఎల్లుండి ఇంకో ఊరు ఉంది."